స్వేచ్ఛాపతనం లెక్కలు: ముందు దిశ, తర్వాతే సూత్రం

స్వేచ్ఛాపతనానికి కంఠతా పట్టాల్సిన సూత్రాలు నాలుగే. ఇంటర్ మొదటి సంవత్సరం పిల్లల్లో అవి రానివాళ్లు అరుదు. అయినా మార్కులు పోయేది ఈ పాఠంలోనే. సూత్రం సరిగ్గా రాస్తారు, అంకెలు సరిగ్గా వేస్తారు, గురుత్వ త్వరణం ముందు ప్లస్సా మైనస్సా అన్న దగ్గర పప్పులో కాలేస్తారు. 'పైకి వెళ్తే మైనస్, కిందికి వస్తే ప్లస్' అన్న బండగుర్తు పట్టుకుని లెక్క మధ్యలో గుర్తు మార్చేయడమే ఇందుకు కారణం. ఆ బండగుర్తు వదిలేయండి. లెక్క మొదలుపెట్టేటప్పుడే దిశ ఒక్కసారి నిర్ణయించుకుని చివరిదాకా దానికే కట్టుబడండి. ఇక్కడ చెప్పబోయేదంతా ఆ పద్ధతి మీదే నడుస్తుంది.

అక్షరాల సంగతి: తొలివేగం యు, తుదివేగం వి, త్వరణం ఎ, కాలం టి, స్థానభ్రంశం ఎస్, గురుత్వ త్వరణం జి. లెక్క తేలిగ్గా తెమలడానికి చాలాచోట్ల జి = 10 మీ/సె² తీసుకున్నాం. 9.8 వాడిన చోట ఆ సంగతి అక్కడే చెప్పాం.

ఇది స్వేచ్ఛాపతనమేనా?

వస్తువు మీద భూమి ఆకర్షణ ఒక్కటే పనిచేస్తుంటే అది స్వేచ్ఛాపతనం. పైకి విసిరిన బంతి కూడా చెయ్యి వదిలిన క్షణం నుంచి నేలను తాకబోయే క్షణం దాకా స్వేచ్ఛాపతనంలోనే ఉంటుంది. పైకి వెళ్తున్నంతసేపూ, కొసన ఆగినట్టు కనిపించినప్పుడూ, తిరిగి వస్తున్నప్పుడూ దాని త్వరణం ఒకటే, కిందివైపే. కొసన వేగం సున్నా అవుతుంది కానీ త్వరణం సున్నా కాదు. అక్కడ త్వరణం కూడా సున్నా అయితే బంతి గాల్లోనే నిలిచిపోవాలి. 'గరిష్ఠ ఎత్తు వద్ద త్వరణం ఎంత?' అని ఒక మార్కు ప్రశ్న ఏటా ఎక్కడో ఓ చోట వస్తూనే ఉంటుంది, సున్నా అని రాసేవాళ్లూ ఉంటూనే ఉంటారు.

ఈ గతికి రెండు హద్దులు గుర్తుపెట్టుకోండి. బంతి చేతిలో ఉండి విసురు అందుకుంటున్నప్పుడు అది స్వేచ్ఛాపతనం కాదు, నేలకు తగిలాకా కాదు. అందుకే 'నేలను ఎంత వేగంతో తాకింది?' అని అడిగితే 'నేల మీద ఆగిపోయిందిగా, సున్నా' అనడం తప్పు. వాళ్లు అడిగేది తగలడానికి సరిగ్గా ముందు క్షణంలోని వేగం. ఆగడమన్నది నేల నెట్టడం వల్ల జరిగిన వేరే కథ.

ద్రవ్యరాశి ప్రశ్నలో ఇచ్చినా పట్టించుకోనక్కర్లేదు. 2 కిలోల రాయి, 5 కిలోల రాయి అని ఊరించడానికి ఇస్తారు. 1971 ఆగస్టు 2న అపోలో 15 వ్యోమగామి డేవిడ్ స్కాట్ చంద్రుడి మీద నిలబడి ఒక చేత్తో సుత్తిని, ఇంకో చేత్తో డేగ ఈకను ఒకేసారి వదిలితే రెండూ ఒకేసారి నేలకు చేరాయి. అక్కడ గాలి లేదు. చంద్రుడి మీద జి విలువ సుమారు 1.62 మీ/సె². 1.6 మీటర్ల ఎత్తు నుంచి వదిలిందేదైనా అక్కడ పడటానికి 1.4 సెకన్లు పడుతుంది, మన దగ్గర 0.57 సెకన్లు చాలు. మన దగ్గర ఈక వెనకబడేది గాలి వల్లే. రాయి, ఇనుప గుండు, క్రికెట్ బంతి లాంటివి కొద్ది మీటర్ల ఎత్తు నుంచి పడితే గాలిని వదిలేసినా పెద్ద తేడా రాదు. వాన చినుకు, పారాషూట్, కాగితం ముక్కకు మాత్రం ఈ సూత్రాలు వాడకూడదు.

మొదటి పని: నిలువు గీత

ప్రశ్న చదవగానే సూత్రం రాయొద్దు. ముందు ఒక నిలువు గీత గీయండి. వస్తువు చెయ్యి వదిలిన చోట చుక్క పెట్టి సున్నా రాయండి. గీత పై కొసకు బాణం గుర్తు పెట్టి ప్లస్ రాయండి. ఇక ఆ చుక్కకు పైన ఉన్నదంతా ప్లస్, కింద ఉన్నదంతా మైనస్. పైకి పోయే వేగం ప్లస్, కిందికి వచ్చే వేగం మైనస్. భూమి ఎప్పుడూ కిందికే లాగుతుంది కాబట్టి త్వరణం ఎల్లప్పుడూ ఎ = −జి. బంతి ఏ వైపు కదులుతున్నా ఇది మారదు.

పైదిశనే ప్లస్‌గా ఎందుకు తీసుకోవాలి? అలాగే తీసుకోవాలని రూలేం లేదు. వస్తువు కిందికి పడటం తప్ప ఇంకేమీ చేయని లెక్కలో కిందిదిశను ప్లస్ చేసుకుంటే మైనస్‌ల గోల తప్పుతుంది, అలాగే చేయండి. రెండూ సరైనవే. ఒకే లెక్కలో రెండూ కలపడమే కొంప ముంచేది. విసురుడు ఉన్న లెక్కలన్నిటికీ పైదిశ ప్లస్ అని ఒకే అలవాటు పెట్టుకుంటే పరీక్ష హాల్లో ఆలోచించే పని తగ్గుతుంది.

జి అన్న అక్షరానికి విలువ ఎప్పుడూ ధనాత్మకమే, 9.8 లేదా 10. మైనస్ ఉండేది త్వరణం ఎ లో. 'జి = −9.8' అని రాసుకుని మళ్లీ సూత్రంలో 'యు − జి × టి' అని వేస్తే మైనస్, మైనస్ కలిసి ప్లస్ అయి కూర్చుంటుంది.

రెండో పని: ప్రశ్నలోని మాటల్ని అంకెల్లోకి దించడం

'జారవిడిచారు', 'వదిలారు' అంటే యు = 0. కానీ వదిలిన మనిషి లేదా వాహనం కదలకుండా ఉంటేనే. పైకి లేస్తున్న బెలూన్ నుంచి వదిలితే వదిలిన క్షణంలో బెలూన్ వేగమే రాయి తొలివేగం. 'గరిష్ఠ ఎత్తు' అంటే అక్కడ వి = 0. 'విసిరిన చోటికే తిరిగి వచ్చింది' అంటే ఎస్ = 0, ప్రయాణించిన దూరం మాత్రం సున్నా కాదు. 'భవనం పైనుంచి విసిరితే నేలను చేరింది' అంటే ఎస్ = −ఎత్తు, బంతి ముందు ఎంత పైకి పోయి వచ్చినా సరే. 'నిలువుగా కిందికి 5 మీ/సెతో విసిరారు' అంటే పైదిశ ప్లస్ అయినప్పుడు యు = −5.

ఇప్పుడు ఎస్, యు, వి, ఎ, టి అని అయిదు గడులు పెట్టి తెలిసినవి నింపండి. త్వరణం ఎలాగూ తెలుసు. మిగతా నాలుగింటిలో రెండు దొరికితే లెక్క తేలిపోతుంది. ఏ సూత్రం వాడాలన్నది ఆ గడులే చెబుతాయి: మీకు ఇవ్వనిదీ, మిమ్మల్ని అడగనిదీ ఏ రాశో చూసి, అది లేని సూత్రం తీసుకోండి.

ఎస్ లేనిది: వి = యు + ఎ × టి
వి లేనిది: ఎస్ = యు × టి + ½ × ఎ × టి²
టి లేనిది: వి² = యు² + 2 × ఎ × ఎస్
ఎ లేనిది: ఎస్ = ½ × (యు + వి) × టి

నాలుగోదాన్ని చాలామంది మరిచిపోతారు. జవాబు సరిచూసుకోవడానికి మాత్రం దాన్ని మించింది లేదు.

ఒక్క లెక్కను పూర్తిగా విప్పి చూద్దాం

50 మీటర్ల ఎత్తున్న భవనం అంచు నుంచి ఒక రాయిని నిలువుగా పైకి 15 మీ/సె వేగంతో విసిరారు. అది భవనాన్ని తాకకుండా పక్కనుంచి కిందికి పోయి నేల మీద పడింది. ఎంతసేపు పట్టింది? ఎంత వేగంతో పడింది?

భవనం అంచు దగ్గర సున్నా, పైదిశ ప్లస్. యు = +15. ఎ = −10. నేల ఆ చుక్కకు 50 మీటర్లు కింద ఉంది, కాబట్టి ఎస్ = −50. అడిగింది టి. ప్రస్తుతానికి వి అక్కర్లేదు, కాబట్టి రెండో సూత్రం.

−50 = 15టి − 5టి²

అన్నిటినీ ఒకవైపు తెచ్చి 5తో భాగిస్తే టి² − 3టి − 10 = 0, అంటే (టి − 5)(టి + 2) = 0. టి = 5 లేదా −2. జవాబు 5 సెకన్లు. వేగం: వి = 15 − 10 × 5 = −35. మైనస్ అంటే కిందికి. 35 మీ/సె వేగంతో నేలను తాకింది.

సరిచూసుకోవడం రెండు రకాలుగా. నాలుగో సూత్రం: ½ × (15 − 35) × 5 = −50. సరిపోయింది. మూడోది: 15² + 2 × (−10) × (−50) = 225 + 1000 = 1225, వర్గమూలం 35. ఇదీ సరిపోయింది. ఇక్కడ ఒక జాగ్రత్త: మూడో సూత్రంతో వేగం కడితే వర్గమూలం +35, −35 రెండూ ఇస్తుంది. కిందికి వస్తోంది కాబట్టి −35 మీరే ఎంచుకోవాలి, సూత్రం చెప్పదు.

మరి ఆ −2 ఏమిటి? చాలామంది 'కాలం రుణాత్మకం కాదు' అని కొట్టేసి ముందుకెళ్తారు. కొట్టేయడం సరైనదే, అయితే దానికీ ఓ అర్థం ఉంది. ఇదే రాయిని భవనం అంచు నుంచి కాకుండా, 2 సెకన్ల ముందే నేల మీద నుంచి 35 మీ/సెతో పైకి విసిరి ఉంటే, సరిగ్గా ఈ క్షణానికి భవనం అంచు పక్కనుంచి 15 మీ/సెతో పైకి పోతూ ఉండేది. సమీకరణానికి రాయిని ఎవరు ఎక్కడ విసిరారో తెలియదు, దానికి తెలిసింది ఆ గతి ఒక్కటే. కాబట్టి వెనక్కి కూడా లెక్క కట్టి ఇస్తుంది.

గుర్తులు తప్పితే ఏమవుతుందో ఇదే లెక్కలో చూడండి. ఎస్ = +50 అని వేశారనుకుందాం. 50 = 15టి − 5టి² అవుతుంది, అంటే టి² − 3టి + 10 = 0. వర్గమూలం కింద 9 − 40 = −31. లెక్క ఆగిపోయింది. రాయి అంచుకు 50 మీటర్లు పైకి ఎప్పుడు చేరుతుందని మీరు అడిగారు, ఎప్పటికీ చేరదని అది జవాబు చెప్పింది. వర్గమూలం కింద మైనస్ కనిపిస్తే గుణకారాలు మళ్లీ చేయడం మానేసి ముందు ఎస్ గుర్తు చూడండి.

ఇంతకంటే ప్రమాదకరమైన తప్పు ఇంకోటుంది. ఎస్, ఎ రెండింటికీ ప్లస్ వేసి, యు కూడా ప్లస్‌గానే ఉంచితే 50 = 15టి + 5టి². జవాబు టి = 2 సెకన్లు, చక్కగా, ఏ అనుమానమూ రాకుండా వస్తుంది. కానీ అది రాయిని 15 మీ/సెతో కిందికి విసిరినప్పటి జవాబు. ఆప్షన్లలో ఆ 2 కూడా కచ్చితంగా ఉంటుంది.

దీన్నే రెండు ముక్కలుగా చేసేవాళ్లూ ఉన్నారు: పైకి 1.5 సెకన్లు, 11.25 మీటర్లు, అక్కడి నుంచి 61.25 మీటర్లు పడటానికి 3.5 సెకన్లు, మొత్తం 5. తప్పేం లేదు. త్వరణం ఎక్కడా మారలేదు కాబట్టి ముక్కలు చేయాల్సిన అవసరం లేదు, అంతే. ముక్క పెరిగేకొద్దీ పొరపాటుకు చోటు పెరుగుతుంది. ప్రయాణించిన మొత్తం దూరం అడిగితే మాత్రం ముక్కలు తప్పవు: 11.25 + 61.25 = 72.5 మీటర్లు. స్థానభ్రంశం 50 మీటర్లే, కిందికి.

బెలూన్ నుంచి, రాకెట్ నుంచి

10 మీ/సెతో పైకి లేస్తున్న బెలూన్ నేలకు 75 మీటర్ల ఎత్తులో ఉన్నప్పుడు అందులోంచి ఇసుక మూట జారవిడిచారు. యు = +10, ఎస్ = −75. −75 = 10టి − 5టి², అంటే (టి − 5)(టి + 3) = 0. 5 సెకన్లు. 'జారవిడిచారు' అన్న మాట చూసి యు = 0 వేస్తే 3.87 సెకన్లు వస్తుంది. నిజానికి ఆ మూట వదిలాక కూడా ఒక సెకను పాటు పైకే పోయి, 80 మీటర్లు తాకి, అప్పుడు కిందికి వస్తుంది. నేల మీద నిలబడి చూసేవాడికి అలా కనిపిస్తుంది. బెలూన్లో ఉన్నవాడికి మాత్రం వదిలిన క్షణం నుంచే దూరమవుతూ కనిపిస్తుంది.

త్వరణం మారే లెక్కలో ముక్కలు చేయక తప్పదు. ఒక బొమ్మ రాకెట్ 4 సెకన్ల పాటు పైకి 5 మీ/సె² త్వరణంతో పోయాక ఇంధనం అయిపోయిందనుకోండి. ఆ క్షణానికి ఎత్తు 40 మీటర్లు, వేగం 20 మీ/సె. ఇంధనం అయిపోగానే రాకెట్ పడిపోదు. స్వేచ్ఛాపతనం అక్కడ మొదలవుతుంది, తొలివేగం 20 పైకి. మరో 2 సెకన్లు, 20 మీటర్లు పైకి పోతుంది. గరిష్ఠ ఎత్తు 60. మొదటి ముక్కలోని తుదివేగమే రెండో ముక్కకు తొలివేగం. ఈ అతుకు దగ్గర సున్నా వేసేయడమే ఎక్కువమంది చేసే తప్పు. నేలకు చేరడానికి −40 = 20టి − 5టి² కడితే 5.46 సెకన్లు, మొదటి 4తో కలిపి 9.46.

ఇసుకలో దిగబడే లెక్కా ఇలాంటిదే. 5 మీటర్ల నుంచి పడిన గుండు ఇసుకను 10 మీ/సెతో తాకి 10 సెంటీమీటర్లు దిగి ఆగింది. ఇసుకలో ఉన్నంతసేపు జి వేసి లాభం లేదు; 100 ÷ (2 × 0.1) = 500 మీ/సె² రుణ త్వరణం. 10 సెంటీమీటర్లను 0.1 మీటరుగా మార్చడం మరిచిపోతే లెక్క వంద రెట్లు తప్పుతుంది.

సెకను సెకనుకూ పడే దూరం

వదిలిన వస్తువు మొదటి సెకనులో 5 మీటర్లు, రెండో సెకనులో 15, మూడో సెకనులో 25, నాలుగో సెకనులో 35 మీటర్లు పడుతుంది. 1 : 3 : 5 : 7. గెలీలియో చెప్పిన బేసి సంఖ్యల వరస ఇదే. యు = 0 అయితేనే ఇది పనిచేస్తుందని మరవకండి.

ఫలానా సెకనులో ఎంత అన్నదానికి సూత్రం: యు + ఎ × (ఎన్ − ½). ఎన్ అంటే అది ఎన్నో సెకనో చెప్పే అంకె; రెండో సెకనుకు 2. ఇది ఇచ్చేది స్థానభ్రంశం, దూరం కాదు. పైన 15 మీ/సెతో విసిరిన రాయినే తీసుకోండి. రెండో సెకనులో 15 − 10 × 1.5 = 0. అంటే ఆ సెకనంతా రాయి కదల్లేదనా? 1.5 సెకన్ల దగ్గర అది కొసకు చేరి వెనక్కి తిరిగింది. 1.25 మీటర్లు పైకి, 1.25 మీటర్లు కిందికి. నడిచిన దూరం 2.5 మీటర్లు. యు ÷ జి విలువ ఆ సెకను లోపల పడుతుందేమో ముందే చూసుకోండి.

'చివరి సెకనులో మొత్తం ఎత్తులో సగం పడింది, ఎత్తు ఎంత?' అన్నది పాత ప్రశ్నే అయినా పట్టు చిక్కనివాళ్లు చాలామంది. చివరి సెకను వెంట పడకుండా, దానికి ముందు జరిగింది చూడండి. మొత్తం కాలం టి అయితే, (టి − 1) సెకన్లలో సగం ఎత్తు పడింది. పడే దూరం కాలం వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి (టి − 1)² ÷ టి² = ½. ఇక్కడ రెండు మూలాలూ ధనాత్మకమే వస్తాయి: 2 + √2, 2 − √2. రెండోది 0.59. మొత్తం ప్రయాణమే ఒక సెకను లోపు అయితే 'చివరి సెకను' అన్న మాటకు అర్థం లేదు, కాబట్టి అది పోయింది. టి = 3.41 సెకన్లు, ఎత్తు సుమారు 58.3 మీటర్లు. మైనస్ ఉంటేనే మూలాన్ని తీసేయాలనుకునేవాళ్లు ఈ లెక్క దగ్గర ఆగిపోతారు.

రెండు వస్తువులు

80 మీటర్ల గోపురం మీద నుంచి ఒక రాయి వదిలారు, అదే క్షణంలో కింద నుంచి ఇంకో రాయిని 40 మీ/సెతో పైకి విసిరారు. ఎప్పుడు కలుస్తాయి? రెండింటి త్వరణం ఒకటే, ఒకే దిశలో. కాబట్టి ఒకదాని నుంచి చూస్తే ఇంకొకటి త్వరణం లేకుండా స్థిరమైన వేగంతో వస్తుంది. 80 ÷ 40 = 2 సెకన్లు. అప్పటికి పై రాయి 20 మీటర్లు పడింది. నేలకు 60 మీటర్ల ఎత్తులో కలుస్తాయి. కింది రాయి: 40 × 2 − 5 × 4 = 60. సరిపోయింది.

కింద నుంచి 15 మీ/సెతోనే విసిరితే? 80 ÷ 15 = 5.33 సెకన్లు వస్తుంది. కానీ పై రాయి 4 సెకన్లకే నేలకు చేరింది, కింది రాయి 3 సెకన్లకే తిరిగి పడిపోయింది. గాల్లో కలవనే కలవవు. 80 మీటర్లకు కనీసం 20 మీ/సె కంటే ఎక్కువ వేగం ఉండాలి. కలిసే కాలం కట్టగానే అప్పటికి రెండూ గాల్లో ఉన్నాయో లేదో చూడాలి.

ఒకటి ఆలస్యంగా బయల్దేరితే ఈ అడ్డదారి నేరుగా పనిచేయదు. 45 మీటర్ల నుంచి ఒక రాయి వదిలి, ఒక సెకను తర్వాత ఇంకోటి కిందికి విసిరితే రెండూ కలిసి నేలకు చేరాలి. మొదటిదానికి 3 సెకన్లు, అంటే రెండోదానికి 2. కిందిదిశ ప్లస్: 45 = 2యు + 20, యు = 12.5 మీ/సె. రెండు రాళ్లకూ ఒకే టి వాడకండి. ఆలస్యంగా బయల్దేరినదానికి టి − 1.

బావి లోతు

నీళ్లున్న బావిలో రాయి వదిలి, చప్పుడు వినపడేదాకా పట్టిన కాలంతో లోతు కట్టవచ్చు. ఇక్కడ 9.8 వాడదాం. 2.0 సెకన్లకు చప్పుడు వినిపించిందనుకోండి. 4.9 × 4 = 19.6 మీటర్లని తేల్చేస్తే కాస్త ఎక్కువ చెప్పినట్టే. ఆ 2 సెకన్లలో రాయి పడిన కాలమూ, చప్పుడు పైకి వచ్చిన కాలమూ రెండూ ఉన్నాయి. శబ్దవేగం 340 మీ/సె తీసుకుంటే 4.9టి² + 340టి − 680 = 0 అని వర్గసమీకరణం వస్తుంది.

క్యాలిక్యులేటర్ లేకుండా దీన్ని సాధించడం నరకం. వేరే దారి చూడండి. మొదట 19.6 అనుకోండి. ఆ దూరం శబ్దం రావడానికి 19.6 ÷ 340 = 0.058 సె. కాబట్టి రాయి పడిన కాలం 1.942 సె., లోతు 18.48 మీటర్లు. మళ్లీ ఒకసారి: 18.48 ÷ 340 = 0.054, రాయికి 1.946 సె., లోతు 18.55. ఇక మారదు. లోతు సుమారు 18.5 మీటర్లు, శబ్దాన్ని వదిలేస్తే మీటరు తేడా. కొలిచిన కాలంలో 0.1 సెకను పొరపాటున్నా లోతు దాదాపు 2 మీటర్లు మారుతుంది. కాబట్టి చేత్తో స్టాప్‌వాచ్ నొక్కి కొలిచినప్పుడు జవాబును 18.55 అని రెండు దశాంశాలతో రాయడం అర్థంలేని పని.

పోటీ పరీక్షలకు రెండు అడ్డదారులు

ఈఏపీసెట్‌లో 160 ప్రశ్నలకు 180 నిమిషాలు. ప్రతిసారీ వర్గసమీకరణం విప్పుతూ కూర్చోలేరు. నేల నుంచి విసిరిన వస్తువు ఒకే ఎత్తును పైకి పోతూ ఒకసారి, కిందికి వస్తూ ఒకసారి దాటితే, ఆ రెండు కాలాలూ ½ × జి × టి² − యు × టి + ఎత్తు = 0 అన్న సమీకరణపు మూలాలే. మూలాల మొత్తం, లబ్ధం గుర్తు తెచ్చుకోండి: ఎత్తు = ½ × జి × (కాలాల లబ్ధం), యు = ½ × జి × (కాలాల మొత్తం). 2 సె., 6 సె. దగ్గర దాటితే ఎత్తు 60 మీటర్లు, తొలివేగం 40 మీ/సె.

రెండోది: ఒకే భవనం మీద నుంచి ఒకే వేగంతో పైకి విసిరితే పట్టే కాలం, కిందికి విసిరితే పట్టే కాలం తెలిస్తే, ఊరికే వదిలినప్పటి కాలం ఆ రెండింటి లబ్ధానికి వర్గమూలం. మన 50 మీటర్ల భవనానికి పైకి విసిరితే 5, కిందికి విసిరితే 2, ఊరికే వదిలితే √10 = 3.16 సెకన్లు. పడే దూరపు సూత్రంలో 50 వేసి చూసుకోండి, అదే వస్తుంది. ఎందుకొచ్చిందన్నది తెలియకుండా వీటిని బట్టీ పట్టకండి. రెండు విసురుళ్ల తొలివేగాలు వేరైతే ఈ రెండో అడ్డదారి పనికిరాదు.

9.8 వాడాలా, 10 వాడాలా అన్నది ప్రశ్నలో ఇచ్చినట్టు చేయండి. ఇవ్వకపోతే ఆప్షన్లు చూడండి, 4.9, 19.6, 44.1 లాంటివి కనిపిస్తే 9.8. రెండింటి మధ్య తేడా 2 శాతం. కాలం జి వర్గమూలాన్ని బట్టి మారుతుంది కాబట్టి అక్కడ తేడా 1 శాతమే. అసలు జి కూడా భూమి మీద అన్నిచోట్లా ఒకటి కాదు, భూమధ్యరేఖ దగ్గర 9.78, ధ్రువాల దగ్గర 9.83. ఒకే లెక్కలో ఓ చోట 10, ఇంకో చోట 9.8 వేయడం మాత్రం క్షమించరాని తప్పు.

గాలి నిరోధం లెక్కలోకి తెచ్చి, దాన్ని స్థిరమైన త్వరణంగా ఇస్తే మళ్లీ రెండు ముక్కలే. పైకి పోయేటప్పుడు గాలీ భూమీ రెండూ కిందికే లాగుతాయి. దిగేటప్పుడు గాలి పైకి ఆపుతుంది. నిరోధం 2 మీ/సె² అయితే పైకి 12, కిందికి 8. ఆరోహణ, అవరోహణ కాలాల నిష్పత్తి √(8 ÷ 12), సుమారు 0.82. గాలి ఉన్నప్పుడు పైకి పోయేందుకు పట్టిన దానికంటే దిగడానికే ఎక్కువసేపు పడుతుంది. గాలి లేనప్పుడే ఆ రెండు కాలాలూ సమానం.

చేసి చూడాలంటే

30 సెంటీమీటర్ల స్కేలు ఒకటి చాలు. మీ మోచేతిని బల్ల మీద ఆనించి, వేళ్లు మాత్రం అంచు దాటి బయటికి పెట్టండి. తోటివాళ్లెవరైనా స్కేలును నిలువుగా పట్టుకుని, సున్నా గీత మీ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యకు, సరిగ్గా బొటనవేలి పై అంచుకు సమంగా వచ్చేలా వేలాడదీయాలి. చెప్పకుండా వదలాలి. పట్టుకున్నప్పుడు బొటనవేలి పై అంచు దగ్గరి అంకె చదవండి. యు = 0, జి = 9.8 తో 5 సెంటీమీటర్లకు 0.10 సె., 10కి 0.14, 15కి 0.175, 20కి 0.20, 25కి 0.226. అదే మీ ప్రతిస్పందన కాలం. చెయ్యి స్కేలు వెంట కిందికి జారితే దూరం తక్కువ చూపిస్తుంది, అందుకే బల్ల ఆనిక. వదిలేవాళ్ల వేళ్లు విడివడటం ముందే కనిపెట్టి పట్టేస్తే ఆ కొలత తీసేయండి. అయిదారు కొలతలకు సగటు తీయండి, కానీ దూరాల సగటుతో కాలం కట్టకుండా ప్రతి దూరానికీ కాలం కట్టి వాటి సగటు తీయండి. 20 సెంటీమీటర్ల దగ్గర ఒక సెంటీమీటరు తప్పు చదివితే దూరంలో 5 శాతం, కాలంలో 2.5 శాతం తేడా వస్తుంది.